మతిమరుపు మాత్ర చేసేదెంత?

(ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో వయోవృద్ధులు, వారిని చూసుకునే కుటుంబాల కోసం జరిగిన సమావేశంలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగం)

పెద్దలకు నమస్కారం. వెనక కూర్చున్నవారికి వినపడకపోతే చెయ్యి ఎత్తండి. వినపడకపోయినా మర్యాదకు తల ఊపడం మనవాళ్లకు అలవాటు. వినికిడి సంగతి నేనే తరువాత ఎత్తుతాను, అక్కడ ఆ మర్యాద పనికిరాదు.

నాకు ఇచ్చిన అంశం అల్జీమర్స్ జబ్బుకు వాడే మందులు. ఈ జబ్బుతో వచ్చే కుటుంబాలు నన్ను తిప్పి తిప్పి రెండు ప్రశ్నలే అడుగుతాయి. మొదటి రోజు, "ఈ మాత్ర వేస్తే నాన్నగారికి జ్ఞాపకం తిరిగి వస్తుందా?" అంటారు. కొన్ని నెలలు పోయాక, "వేస్తూనే ఉన్నాం, ఏమీ తేడా లేదు, మానేయమంటారా?" అంటారు. మొదటిదానికి జవాబు ఒక్క మాటే: రాదు. రెండోదానికి మాత్రం కాస్త కూర్చుని మాట్లాడుకోవాలి.

జబ్బు గురించి ఎక్కువ చెప్పను, మీలో చాలామంది ఇంట్లోనే చూస్తున్నారు. 1906లో జర్మనీలో అలోయిస్ అల్జీమర్ అనే వైద్యుడు, తాను ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో చూసిన ఒక స్త్రీ మరణించాక ఆమె మెదడును సూక్ష్మదర్శిని కింద పరీక్షించాడు. కణాల బయట పేరుకున్న ముద్దలు, కణాల లోపల చిక్కుపడిన పోగులు కనిపించాయి. ఆ ముద్దల్లో ఉన్నది అమైలాయిడ్, పోగుల్లో ఉన్నది టౌ. రెండూ ప్రొటీన్లే. ఆసుపత్రిలో చేరేనాటికి ఆమె వయసు 51. అంటే ఇది ముసలితనంతో పాటు వచ్చే మామూలు మరుపు కాదన్న సంగతి మొదటి రోగితోనే తేలిపోయింది. అయినా ఇప్పటికీ "వయసైపోయింది కదా" అనే మాటతోనే మూడు నాలుగేళ్లు గడిపి తీసుకొస్తారు. మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే రోజువారీ పనులకు అడ్డొచ్చేంత మతిమరుపు, ఉందని అంచనా. అందులో ఎక్కువ భాగం అల్జీమర్సే.

మందు దగ్గరకు వెళ్లే ముందు పరీక్ష గురించి చెప్పాలి. మన ఊరికి అది మరీ ముఖ్యం.

జ్ఞాపకశక్తిని కొలవడానికి ముప్పై పాయింట్ల పరీక్ష ఒకటి ఉంది. ఇది ఏ సంవత్సరం, ఏ ఋతువు, ఏ నెల, ఏ తేదీ, ఏ వారం అని మొదలవుతుంది. ఒక్కోదానికి ఒక పాయింటు. తరువాత మూడు వస్తువుల పేర్లు గుర్తుపెట్టుకోమంటారు, వందలోంచి ఏడు చొప్పున తీసివేయమంటారు, ఒక బొమ్మ గీయమంటారు. పది నిమిషాల పని.

ఇక్కడి నుంచి ఒక పెద్దాయనను పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు అనుకోండి. పరీక్ష పెట్టే కుర్రాడు ఒడియాలో అడుగుతాడు. పెద్దాయనకు ఒడియా వచ్చు, బజారులో బేరం ఆడేంత వచ్చు, పండుగకు పక్కింటివాళ్లతో సరదాగా మాట్లాడేంత వచ్చు. కాని చదువు తెలుగులో, లెక్క తెలుగులో, దేవుడికి దండం తెలుగులో. "ఇది ఏ నెల?" అని అడిగితే ఆయన జనవరి, ఫిబ్రవరి అనరు. "కార్తీకం" అంటారు. కార్తీక పౌర్ణమి వెళ్లిన మరునాటి నుంచి ఒడియావారికి మార్గశిరం మొదలవుతుంది. గురువారాల లక్ష్మీపూజకు వాళ్ల వాకిళ్లలో ముగ్గులు పడతాయి. మనకు అమావాస్య దాకా కార్తీకమే. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అయినా కాగితం మీద ఒక పాయింటు పోయింది. వందలోంచి ఏడు తీసివేతను రెండో భాషలో చేయమంటే ఇంకో రెండు పోతాయి. బొమ్మ సంగతి సరేసరి, జీవితంలో పెన్సిల్ పట్టనివారు ఎంతమంది లేరు! అందుకే తీసుకెళ్లినవారు పక్కన నిలబడి, "మా నాన్నగారిని తెలుగులో అడగండి, చదువు ఐదో తరగతి" అని చెప్పాలి. బరంపురంలో మన రాజావారి పేరున్న వైద్య కళాశాల ఉంది, విశాఖలో కె.జి.హెచ్. ఉంది. ఏ వైపు వెళ్లినా ఈ మాట చెప్పడానికి మొహమాటపడకండి.

ఈ ఒక్క పాయింటు గుర్తుంచుకోండి. దీనితో ఇంకా పని ఉంది.

పాయింట్లు నిజంగానే తగ్గాయి అనుకుందాం. అప్పుడు కూడా నేరుగా అల్జీమర్స్ అనకూడదు. బి12 విటమిన్ తక్కువైనా మతి తప్పుతుంది. థైరాయిడ్ మందగించినా తప్పుతుంది. ఎప్పుడో స్నానాల గదిలో జారిపడి, మెదడు పై పొరల కింద రక్తం నెమ్మదిగా చేరినా తప్పుతుంది. భార్య పోయిన దిగులు మనిషిని అచ్చంగా మతిమరుపు రోగిలా చేయగలదు. వీటికి వైద్యం ఉంది. కొన్నిటికి పూర్తిగా నయమయ్యే వైద్యం ఉంది. రక్తపరీక్ష, ఒక స్కాను. వీటిని వదిలేసి మాత్ర మొదలుపెట్టడం నాకు అసలు నచ్చని పని.

ఇక మందులు. 1970లలో పరిశోధకులు ఒక సంగతి గమనించారు. ఈ జబ్బు వచ్చినవారి మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం బాగా తగ్గిపోతోంది. ఒక నరకణం నుంచి ఇంకో కణానికి కబురు చేర్చే రసాయనం అది. జ్ఞాపకానికి, ధ్యాసకు అది కావాలి. దాన్ని కొత్తగా తయారుచేసి లోపలికి పంపలేం. ఉన్నదాన్ని విరగ్గొట్టే ఎంజైమును ఆపగలం. అలా వచ్చిన మొదటి మందు టాక్రిన్, 1993లో అమెరికాలో అనుమతి పొందింది. రోజుకు నాలుగు సార్లు మింగాలి, పైగా కాలేయాన్ని దెబ్బతీసేది. ఎక్కువ కాలం నిలబడలేదు. 1996లో డొనెపెజిల్ వచ్చింది. జపాన్‌లో హచిరో సుగిమోటో బృందం కనిపెట్టిన మందు. ఆయన తల్లికీ డిమెన్షియానే. రోజుకు ఒక్క మాత్ర, కాలేయానికి ఆ భయం లేదు. తరువాత రివాస్టిగ్‌మిన్, గాలంటమిన్ వచ్చాయి, ఇవీ అదే దారిలో పనిచేస్తాయి. నాలుగోది మెమాంటిన్, 2003లో అమెరికాకు వచ్చింది. దీని దారి వేరు. గ్లూటమేట్ అనే మరో రసాయనం కణాలను అతిగా రెచ్చగొట్టకుండా చూస్తుంది. జబ్బు ముదిరిన దశలోనే దీని వల్ల కాస్త ప్రయోజనం.

మన వైపు మందుల దుకాణాల్లో దొరికేవి ఇవే. ఈ నాలుగింటిలో ఏదీ జబ్బును ఆపదు. కణాలు చనిపోతూనే ఉంటాయి. మిగిలిన కణాల మధ్య మాట కాస్త గట్టిగా వినిపించేలా చేస్తాయి, అంతే.

ఎంత గట్టిగా? ఈ మందు మీద జరిగిన అనేక ప్రయోగాల ఫలితాలను కలిపి లెక్కగడితే, ఆరు నెలలు డొనెపెజిల్ వేసుకున్నవారికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికి మధ్య తేడా, ముప్పై పాయింట్ల ఆ పరీక్షలోనే, సగటున ఒక్క పాయింటు. కార్తీకమా మార్గశిరమా అన్న తగాదాలో పెద్దాయన పోగొట్టుకున్నారే, ఆ ఒక్క పాయింటు.

నవ్వుతున్నారు, నవ్వండి. కాని నేను మందును వెక్కిరించడం లేదు. సగటు అంటే అందరికీ ఒకే ఒక్క పాయింటు అని కాదు. కొందరికి ఏమీ జరగదు, కొందరికి కంటికి కనిపించేంత జరుగుతుంది. చొక్కా గుండీలు తామే పెట్టుకుంటారు, మనవరాలి పేరు ఇంకొన్నాళ్లు నోట్లో ఉంటుంది. ఎవరికి పనిచేస్తుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు, వేసి చూడడమే. వికారం, విరేచనాలు, ఆకలి తగ్గి బరువు పడిపోవడం, రాత్రి పీడకలలు, ఇవి మామూలు ఇబ్బందులు. నాడి నెమ్మదించి కళ్లు తిరిగి పడిపోవడం అసలు భయపడవలసింది. అందుకే మొదలుపెట్టే ముందు ఒక ఇ.సి.జి. తీయించండి.

ఇప్పుడు నేను ఈ రోజు ముఖ్యంగా చెప్పాలనుకున్నది చెబుతాను. కొత్త మాత్ర కోసం పరుగెత్తే ముందు ఇంట్లో ఉన్న మందుల సంచి బోర్లించండి.

ఒక పెద్దాయనను కొడుకు అలాగే తీసుకొచ్చాడు. బట్టల దుకాణం వాళ్లిచ్చిన సంచి, నిండా అట్టలు. బల్ల మీద పోయమన్నాను. సగం అట్టలకు పేరే లేదు. కత్తెరతో నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చినప్పుడు పేరున్న ముక్క దుకాణంలోనే ఉండిపోయింది. రంగు, ఆకారం చూసి, పాత చీటీలు వెతికి, ఒక్కోటీ గుర్తుపట్టాం. విశాఖలో రాసిన డొనెపెజిల్ పది మిల్లీగ్రాములు. సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నంలో రాసిన ఎమిట్రిప్టిలిన్, షుగరు వల్ల వచ్చిన కాళ్ల మంటలకు. మూత్రం ఆపుకోలేకపోతున్నారని ఇక్కడ ఇంకొకరు రాసిన ఆక్సిబ్యుటినిన్. జలుబు చేసినప్పుడల్లా ఇంట్లోవారే కొనితెచ్చే క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న మాత్రలు.

డొనెపెజిల్ ఎసిటైల్‌కోలిన్‌ను నిలబెట్టడానికి వేసే మందు. మిగిలిన మూడూ ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకునేవి. ఒక వైపు నుంచి కుండలో నీళ్లు పోస్తుంటే ఇంకో వైపు నుంచి ముగ్గురు తోడేస్తున్నట్టు. పైగా చూడండి, మూత్రం ఆపుకోలేకపోవడం డొనెపెజిల్ వల్లే రావచ్చు. దానికి ఆక్సిబ్యుటినిన్ రాశారు. దానితో మతిమరుపు పెరిగింది. మతిమరుపు పెరిగిందని డొనెపెజిల్ ఐదు నుంచి పదికి పెంచారు. రాసినవారిలో ఎవరిదీ తెలివితక్కువ పని కాదు, ఎవరికి వారు తమ ముందున్న బాధకు మందు రాశారు. మనిషి సరిహద్దు దాటి వైద్యం చేయించుకుంటాడు, అతని చీటీ మాత్రం దాటదు. ఈ ఊళ్లో ఉన్న మనకు ఇది రోజూ జరిగేదే.

ఒక్కోటీ నెమ్మదిగా తగ్గించాం. కాళ్ల మంటలకు వేరే మందు ఇచ్చాం. జ్ఞాపకం తిరిగి రాలేదు. అయితే పగటి పూట తూగడం తగ్గింది, మలబద్ధకం పోయింది, భోజనానికి పిలిస్తే లేచి వచ్చారు. ఏ మందూ కలపకుండా, తీసివేసి సాధించింది అది. మీరు ఇంటికి వెళ్లి మీ అంతట మీరే ఏదీ ఆపవద్దు. సంచి మొత్తం ఒక్కరి ముందు పెట్టండి, అంతే. అట్ట కత్తిరించేటప్పుడు పేరున్న ముక్క ఇవ్వమని దుకాణంలో అడగండి.

ఇంకో రకం మందుల గురించి కూడా చెప్పి తీరాలి. సాయంత్రమయ్యేసరికి కొందరు అలజడి పడతారు. "నా ఇంటికి నేను పోతాను" అని సొంత ఇంట్లోనే గొడవ చేస్తారు, కోడలు నగలు దొంగిలించిందంటారు. అలిసిపోయిన ఇంటివారు నిద్రకు ఏదైనా ఇవ్వమంటారు. అప్పుడు రిస్పెరిడోన్, క్వెటియాపిన్, హలోపెరిడాల్ వంటివి వస్తాయి. 2005లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ వీటిలో కొత్త తరం మందుల మీద గట్టి హెచ్చరిక వేయించింది. డిమెన్షియా ఉన్న వృద్ధులతో జరిగిన 17 పరీక్షలను చూస్తే, సుమారు పది వారాల కాలంలో మందు వేసుకున్నవారిలో 4.5 శాతం, వేసుకోనివారిలో 2.6 శాతం మరణించారు. తరువాత పాత తరం మందులకూ ఆ హెచ్చరిక వచ్చింది. మనిషి తనకు తానో, ఇతరులకో హాని చేసుకునే పరిస్థితిలో తక్కువ మోతాదులో, తక్కువ కాలం వాడవలసి వస్తుంది, కాదనను. ఒకసారి రాసిన చీటీ చూపించి ఏడాది పొడవునా కొనడం మాత్రం వద్దు. ఆ అలజడి వెనక మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉండవచ్చు, పంటి నొప్పి ఉండవచ్చు, నాలుగు రోజులుగా విరేచనం కాకపోయి ఉండవచ్చు. చెప్పుకోలేని మనిషి అరుస్తాడు.

ఇక అందరూ ఎదురుచూస్తున్న కొత్త ఇంజెక్షన్లు. వీటి గురించి పేపర్లలో చదివి, ఫోనులో చూసి వచ్చి అడుగుతున్నారు.

మెదడులోని అమైలాయిడ్ ముద్దలను తీసేస్తే జబ్బు ఆగుతుందని చాలా ఏళ్ల ఆశ. ఆ దారిలో మందుల మీద మందులు బోల్తాపడ్డాయి. సెమగాసెస్టాట్ అనే మందు పరీక్షను 2010లో మధ్యలోనే ఆపేశారు. వేసుకున్నవారి పరిస్థితి వేసుకోనివారికంటే దిగజారింది మరి. 2021లో అడుకానుమాబ్ అనే ఇంజెక్షన్‌కు అమెరికా నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. ఆ సంస్థకు సలహా చెప్పే నిపుణుల సంఘంలో ఒక్కరు కూడా అనుకూలంగా ఓటు వేయలేదు. అయినా ఇచ్చింది. ఆ తీరు నచ్చక సలహాదారుల్లో ముగ్గురు తప్పుకున్నారు. 2024లో కంపెనీయే ఆ మందును విరమించుకుంది.

2023లో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ వాటికంటే నయం. 1,795 మందిపై పద్దెనిమిది నెలలు పరీక్షించారు. పత్రికల్లో 27 శాతం అని వచ్చింది, చాలామంది దాన్ని 27 శాతం నయమైందని చదువుకున్నారు. అసలు సంగతి ఇది. 18 పాయింట్ల కొలతలో, మందు తీసుకోనివారి పరిస్థితి 1.66 పాయింట్లు దిగజారింది, తీసుకున్నవారిది 1.21 పాయింట్లు దిగజారింది. తేడా 0.45. ఇద్దరూ దిగజారారు. ఒకరు కాస్త నెమ్మదిగా. అమైలాయిడ్ మాత్రం మెదడులోంచి నిజంగానే చాలా వరకు పోయింది. ముద్దలు పోయినా జబ్బు సాగుతోందంటే, కథ అమైలాయిడ్‌తో పూర్తికాదని నా అభిప్రాయం.

దీనికి ఇచ్చే మూల్యం కూడా చూడాలి. మొదట్లో రెండు వారాలకోసారి సెలైన్ ద్వారా ఎక్కించాలి. జబ్బు మొదటి దశలోనే ఉండాలి. అమైలాయిడ్ ఉందని ప్రత్యేక స్కానుతోనో వెన్ను నీటి పరీక్షతోనో తేలాలి. ఆ 1,795 మందిలో మందు తీసుకున్నవారిని చూస్తే 12.6 శాతం మందికి మెదడులో వాపు కనిపించింది. చాలామందికి లక్షణాలేవీ ఉండవు, కొందరికి ప్రాణం మీదికి వస్తుంది. రక్తం పలచబడే మందులు వాడేవారికి మరీ ప్రమాదం. అందుకే మళ్లీ మళ్లీ ఎం.ఆర్.ఐ. తీయాలి. అమెరికాలో విడుదల చేసినప్పుడు ధర ఏడాదికి 26,500 డాలర్లు. 2024లో అక్కడే అనుమతి పొందిన డొనానెమాబ్ నెలకోసారి ఎక్కించేది, ముద్దలు పోయాక ఆపేయవచ్చు. దాని పరీక్షలో మెదడు వాపు 24 శాతం మందిలో కనిపించింది. గుణుపురం నుంచో, మోహన నుంచో, రాత్రి తలనొప్పి వచ్చి తికమకపడుతున్న మనిషిని ఎం.ఆర్.ఐ. దాకా ఎంతసేపట్లో తీసుకెళ్లగలం? ఈ ప్రశ్నకు జవాబు చూసుకున్నాకే పొలం అమ్మే ఆలోచన చేయండి. ఇప్పటికే ముదిరిన జబ్బుకైతే ఆ ఆలోచనే అక్కరలేదు, ఆ దశలో ఇవి ఇవ్వరు.

మందుల మాట ఇలా ఉండగా, మనకు దగ్గరి సంగతి ఒకటి చెబుతాను. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా ఉన్న 648 మంది వివరాలు చూసి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవారికి, ఒకే భాష మాట్లాడేవారికంటే నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా లక్షణాలు మొదలయ్యాయి. బడికి వెళ్లనివారిలో కూడా ఈ తేడా ఉంది. ఇది పరిశీలన మాత్రమే, మందు పరీక్ష వంటిది కాదు. భాష వల్లే అని ఖాయంగా అనలేం. రెండు భాషలవారికి జబ్బు రాదని కూడా కాదు. కాని ఇప్పటిదాకా చెప్పిన మందుల్లో ఏదీ నాలుగున్నర ఏళ్లు వాయిదా వేస్తామని చెప్పుకోలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే ఊరిలో మనం పిల్లలను ఏదో ఒకదానికే పరిమితం చేస్తున్నాం, అది నాకు బాధ.

వినికిడి అన్నాను. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల సంఘం లెక్క ప్రకారం మార్చుకోగల పద్నాలుగు కారణాలను జీవితమంతా సరిచూసుకుంటే దాదాపు 45 శాతం డిమెన్షియాను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యం. అందులో వినికిడి తగ్గడం ముఖ్యమైనది. బీపీ, షుగరు, చెడు కొలెస్ట్రాల్, చూపు తగ్గడం, ఒంటరితనం కూడా ఉన్నాయి. వినపడని మనిషి పరీక్షలో పాయింట్లు పోగొట్టుకుంటాడు, ఇంట్లో మాటలు పోగొట్టుకుంటాడు. చెవి మిషను పెట్టుకోవడానికి సిగ్గు దేనికి? కళ్లజోడుకు లేని సిగ్గు!

ప్రశ్నలు అడగండి.

[ప్రశ్న: సరస్వతి ఆకు లేహ్యం వాడుతున్నాం, గింకో అనే చెట్టు ఆకుల మాత్రలు కూడా కొన్నాం. పనిచేస్తాయా?]

గింకోను మూడు వేల పైచిలుకు వృద్ధులపై ఏళ్ల తరబడి పరీక్షించి 2008లో ఫలితం చెప్పారు. జబ్బు రాకుండా ఆపలేదు. సరస్వతి ఆకు ఈ జబ్బును ఆపినట్టు నమ్మదగిన పెద్ద పరీక్ష నాకు కనిపించలేదు. పచ్చడిగా తినండి, అభ్యంతరం లేదు. గింకో మాత్రం రక్తం పలచబడే మందులతో కలిస్తే రక్తస్రావం కావచ్చు. దాన్ని ఆ సంచిలోంచి ముందు తీయండి.

[ప్రశ్న: ఏడాదిగా డొనెపెజిల్ వేస్తున్నాం, మార్పు లేదు. ఆపేయవచ్చా?]

మార్పు లేదంటే రెండు అర్థాలు. మందు పనిచేయకపోవడం ఒకటి. మందు లేకపోతే ఇంకా తగ్గి ఉండేవారు, అది తగ్గకుండా ఉన్నారు అన్నది రెండోది. బయట నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. బ్రిటన్‌లో జబ్బు మధ్య దశలోనో ముదిరిన దశలోనో ఉన్న 295 మందితో చేసిన పరీక్ష 2012లో వచ్చింది. డొనెపెజిల్ ఆపినవారికంటే కొనసాగించినవారు ముప్పైలో దాదాపు రెండు పాయింట్లు మెరుగ్గా ఉన్నారు. కాబట్టి ముదిరింది గనుక వద్దు అనలేం. తిండి మానేసి బరువు తగ్గిపోతున్నా, నాడి పడిపోతున్నా ఆపాలి. మంచం మీదే ఉండి ఎవరినీ గుర్తుపట్టని స్థితిలో ఆపడం న్యాయమే. ఆపేటప్పుడు వైద్యుడితో చెప్పి మోతాదు తగ్గిస్తూ ఆపండి. కొన్ని వారాల్లో స్పష్టంగా దిగజారితే మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఇది అపరాధం అనుకోకండి.

[ప్రశ్న: మా అత్తగారు మాత్ర మింగరు, ఉమ్మేస్తారు. అన్నంలో కలిపి పెడితే కనిపెట్టేస్తున్నారు. రోజూ ఇదే యుద్ధం, ఏం చేయాలి?]

యుద్ధం వద్దమ్మా. నోట్లో కరిగే డొనెపెజిల్ ఉంది. రివాస్టిగ్‌మిన్ చర్మానికి అంటించే పట్టీగా దొరుకుతుంది, వికారం కూడా మాత్రలతో కంటే తక్కువ. మీ వైద్యుడిని అడగండి. పట్టీని వీపు పైభాగాన, ఆమె చెయ్యి అందని చోట అంటించండి. రోజుకు ఒకటి. పాతది తీసిన తరువాతే కొత్తది, ఇది మరవకూడదు. రెండు మూడు పట్టీలు ఒకేసారి ఒంటి మీద ఉండిపోయి ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. రోజూ చోటు మార్చండి, రెండు వారాల దాకా అదే చోట పెట్టవద్దు. తీసిన పట్టీలో ఇంకా మందు ఉంటుంది, అంటుకునే వైపు లోపలికి మడిచి, పిల్లలకు అందకుండా పారేసి, సబ్బుతో చేతులు కడుక్కోండి.